మోక వరుసకు అందని పాత్ర

మా అక్క జయశీలను చూస్తే మా చర్చిలో సగం మందికి ఒళ్ళు మండుతుంది. మిగతా సగం మంది ఆమె ఎదురొస్తే సెల్‌ఫోను తీసి చెవికి పెట్టుకుంటారు. నాకు ఆ సగం కంటే ఈ సగం మీదే కోపం ఎక్కువ. ఒళ్ళు మండేవాడు కనీసం మొహం చూపిస్తాడు.

ఆమె గొప్ప మనిషేం కాదు. బళ్ళారి కంటోన్మెంటులో పుట్టింది, అక్కడే పెరిగింది. మా నాన్న మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ఆసుపత్రి మూతపడ్డాక కూడా వీధిలో అందరూ మమ్మల్ని కాంపౌండరు పిల్లలనే పిలిచేవాళ్ళు. అక్క ఒక ఎయిడెడ్ హైస్కూల్లో తెలుగు మీడియం పిల్లలకు చరిత్ర చెప్పింది. పిల్లలు తగ్గిపోయి తెలుగు సెక్షను ఎత్తేస్తే, గొణగకుండా కన్నడం గట్టిగా నేర్చుకుని అదే చరిత్ర కన్నడంలో చెప్పింది. మా బావ రైల్వేలో పనిచేస్తూ పోయాడు. పిల్లల్లేరు. రిటైరయ్యాక ఆమెకు మిగిలిన సంసారమంతా చర్చి పిల్లల సండే స్కూలే. శనివారం నుంచే చార్టులూ, రంగు కాగితాలూ, జిగురూ ముందేసుకుని కూర్చునేది. ఆ ఒక్క గంట కోసం వారమంతా బతికేది అంటే అబద్ధం కాదు.

ఆమెకున్న జబ్బు ఒక్కటే, గొంతు తగ్గించదు. కూరగాయల బజారులో తూకం మీద వేలు పెట్టినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, అందరి ముందూ మళ్ళీ తూకం వేయిస్తుంది. తర్వాత వాడి దగ్గరే కొంటుంది. వాడూ ఆమెకే ముందు ఇస్తాడు. కానీ చర్చి బజారు కాదు. చర్చిలో వేలు పెట్టినవాడు వేలు పెట్టానని ఎన్నటికీ ఒప్పుకోడు. పైగా ప్రార్థన చేస్తాడు.

నా పేరు కృపానిధి. లారీల స్పేర్ పార్టుల అంగడి నడుపుకుంటాను. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. కీబోర్డు బల్లారాధన జరిగే చోటికి పక్కనే ఉంటుంది కాబట్టి, ఎవరు ఏ మొహం పెట్టుకుని ప్రభు పాత్ర అందుకుంటారో నాకు బాగా కనిపిస్తుంది. ఇప్పుడు చెప్పేదాంట్లో సగం అక్కడి నుంచి చూసిందే.

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో బల్ల. అందరూ వరుసగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంటే, పాస్టరు అయ్యగారు రొట్టెముక్క ఇస్తారు, తర్వాత వెండి పాత్రలో ద్రాక్షరసం తాగిస్తారు. ఆ రోజున మోక ఊరి నుంచి కూడా విశ్వాసులు బస్సులో వస్తారు. వాళ్ళ ఊళ్ళో ఉన్న చిన్న గుడి పైకప్పు ఒక వానాకాలంలో కూలిపోయింది, మళ్ళీ వేయించే నాథుడు లేడు. వాళ్ళు వచ్చి చిట్టచివరి బెంచీల్లో, చెప్పులు విడిచే తలుపు దగ్గర కూర్చుంటారు. అక్కడే కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ముందు కూర్చోమనీ ఎవరూ చెప్పలేదు. దాన్ని మోక వరుస అంటాం.

ముత్తాతల కాలంలో ఒకే మిషను దొర చేతి మీదుగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం మేమూ వాళ్ళూ. మావాళ్ళు దొర బంగళాలో, ఆసుపత్రిలో, బడిలో ఉద్యోగాలకు చేరారు. వాళ్ళు చేలల్లో ఉండిపోయారు. తేడా అంతే. అంత మాత్రానికే మావాళ్ళకు కొమ్ములొచ్చాయి.

కరోనా వచ్చినప్పుడు పాత్ర ఆగిపోయింది. అయ్యగారు రొట్టెముక్కను రసంలో ముంచి చేతిలో పెట్టేవారు. అందరికీ అదే పద్ధతి, ఎవరికీ బాధ లేదు. జబ్బు పోయాక ముందు బెంచీలకు పాత్ర తిరిగొచ్చింది. మోక వరుసకు మాత్రం ముంచిన రొట్టే మిగిలిపోయింది. ఎందుకప్పా అని అడిగితే ఆరోగ్యం అన్నారు. వాళ్ళు గుట్కా నములుతారట, పొగాకు వేస్తారట. మా సెక్రెటరీ జాబెజ్ గారి నోట్లో కిళ్ళీ లేని ఆదివారం నేను చూడలేదు. కానీ ఆయనది బనారస్ ఆకు, అది వేరే ఆరోగ్యం.

జాబెజ్ గారు అంటే ఎవరో చెప్పాలి. గనుల కాలంలో లారీలు తిప్పి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు. చర్చికి ఫ్యాన్లు వేయించాడు, ప్రతి ఫ్యాను మీదా తన పేరు రాయించాడు. గాలి ఎటు నుంచి వచ్చినా ఆయన పేరు తగులుతుంది.

అక్టోబరు చివర్లో మాకు సంస్కరణ ఆదివారం వస్తుంది, లూథర్ పాత చర్చి మీద తిరగబడ్డ రోజుకు గుర్తుగా. ఏటా సండే స్కూలు పిల్లలు ఒక నాటకం వేస్తారు. ఏటా అదే నాటకం, ఒక పిల్లవాడు లూథర్ వేషంలో నల్ల అంగీ వేసుకుని సుత్తితో చర్చి తలుపుకు కాగితం కొడతాడు, మేమంతా చప్పట్లు కొడతాం. పోయిన ఏడు అక్క దాన్ని మార్చింది. లూథర్ పుట్టడానికి చాలా ముందే కాలిపోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ సంగతి పిల్లలకు ఎవరు చెప్తారు అంది. బడిలో చరిత్ర చెప్పినన్నాళ్ళూ ఆమెకు ఆ కడుపుమంట ఉండేది. పాఠంలో వాళ్ళకు ఒకటే వాక్యం ఇచ్చేవాళ్ళట, అదీ పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు కొట్టేసేవాళ్ళట.

ఆమె ఎంచుకున్న కథ యాన్ హుస్‌ది. ఆయన ప్రాగ్ నగరంలో పాదిరి. జనానికి తెలియని లాటిన్ వదిలి, వాళ్ళ ఇంటి భాషలో ప్రసంగం చేసేవాడు. పాపాలకు క్షమాపణ అమ్ముకోవడం ఏమిటని పెద్ద గురువులను నిలదీశాడు. ఇంగ్లండులో విక్లిఫ్ అనే ఆయన అంతకు ముందే అలాంటి మాటలు అన్నాడు. ఆయన చచ్చిపోయి ఏళ్ళు గడిచాక, గోరీ తవ్వి ఎముకలు తీసి కాల్చి, బూడిద ఏట్లో కలిపారు. చచ్చినవాడి మీద కూడా అంత కక్ష. హుస్‌కు చక్రవర్తి అభయం ఇచ్చి మతగురువుల మహాసభకు పిలిపించాడు. వెళ్ళగానే ఖైదులో వేశారు. నీ మాటలు తప్పని ఒప్పుకో అన్నారు. తప్పేదో లేఖనంలో చూపించండి, ఒప్పుకుంటాను అన్నాడు. దయ్యాల బొమ్మలు వేసిన కాగితం టోపీ నెత్తిన పెట్టి, గుంజకు కట్టి తగలబెట్టారు.

ఆ రోజుల్లో బల్ల దగ్గర జనానికి రొట్టె మాత్రమే ఇచ్చేవాళ్ళు, పాత్ర గురువులు మాత్రమే తాగేవాళ్ళు. ప్రాగ్‌లో హుస్ స్నేహితులు జనానికి కూడా పాత్ర ఇవ్వడం మొదలుపెట్టారు. ఖైదులో ఉన్న హుస్, మంచి పని చేశారని రాసి పంపాడు. సభ దాన్ని నిషేధించింది. జనానికి ఎందుకు ఇవ్వకూడదో పండితులు కారణాలు చెప్పారు. ఒలికిపోతుంది, మగవాళ్ళ గడ్డాలకు అంటుకుంటుంది అని. ఈ గడ్డాల మాట చెప్పేటప్పుడు మా అక్క మొహం చూడాలి. బజారులో తూకంరాయి పట్టుకున్నప్పటి మొహమే.

నాటకం అయ్యగారి అనుమతితోనే జరిగింది. చర్చి వెండి పాత్రను కూడా అయ్యగారే ఇచ్చారు. మెత్తని మనిషి, ఎవరడిగినా సరే అంటాడు, తర్వాత అందరికీ సరే అన్నందుకు నలుగుతాడు. పాత్రలో ద్రాక్ష రుచి రస్నా కలిపారు. హుస్ పోయాక ఆయన స్నేహితులు జనం మధ్యకు పాత్ర తీసుకువెళ్ళడం చివరి ఘట్టం. జాబెజ్ గారి మనవరాలు షెకైనా తెల్లటి శాలువా వేసుకుని, రెండు చేతులా పాత్ర పట్టుకుని నడవాలో మెల్లగా నడిచి, చివరి బెంచీల దాకా వెళ్ళి, పాత్ర పైకెత్తి చూపించి తిరిగి రావాలి. అంతవరకే అక్క నేర్పింది.

మామూలుగా ఆ ఆదివారం మోకవాళ్ళు రారు. ఆ వారం అక్కే రమ్మని కబురు పెట్టింది. వాళ్ళ బస్సు ఆలస్యమైంది. వాళ్ళు లోపలికి వచ్చి కూర్చునేసరికి సగం నాటకం అయిపోయింది. అందులో హంపమ్మ అనే ముసలామె ఉంది. కళ్ళకు శుక్లాలు. ఆమెకు కనిపించింది తెల్లటి బట్ట, వెండి మెరుపు, తన బెంచీ దగ్గర ఆగిన పాత్ర. అంతే. లేచి నిలబడింది, కొంగు తల మీద కప్పుకుంది, మోకాళ్ళ మీద కూర్చుంది, పాప చేతుల్లోని పాత్ర అందుకుని కళ్ళు మూసుకుని తాగింది. ఆమెను చూసి పక్కన కెంచప్ప తాగాడు. ఆ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తాగారు. బెదిరిపోయిన షెకైనా నోరు తెరుచుకుని అలాగే నిలబడింది.

ముందు ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఆ తర్వాత జాబెజ్ గారి భార్య, నవ్వని ఒకే మనిషి, పక్కామెతో అన్న మాట నాకు వినిపించింది. "ఇంక ఆ పాత్రలో ఎవరు తాగుతారమ్మా, అంతా ఎంగిలైపాయ."

ఎంగిలి. ప్రభు పాత్ర అంటేనే ఎంగిలి. ఒకరు తాగింది ఇంకొకరు తాగడమే దాని అర్థం. ఆ మాట తెలియకుండానే ఈమె ఇన్నేళ్ళు బల్ల తీసుకుంది.

ఆ వారంలోనే చర్చి కమిటీ కూర్చుంది. అక్కకు తోడుగా నేనూ వెళ్ళాను. పాత్రను అప్పటికే బజారులో వెండికి మెరుగుపెట్టే సేఠు దగ్గరికి పంపేశారు. జాబెజ్ గారు బుగ్గన కిళ్ళీతో మొదలుపెట్టాడు.

"టీచరమ్మా, నీ మీద మాకేం ద్వేషం లేదు. నువ్వు మనస్సులో ఏదో పెట్టుకొని ఈ నాటకం వేసినావు. మా పాపను అడ్డం పెట్టుకొని ఊరోళ్ళకు పాత్ర తాగించినావు. ఆదివారం నిలబడి, తప్పయింది, ఆ కథ గుడిలో చెప్పకూడనిది అని ఒక్క మాట చెప్పు. సుమ్నె, గొడవ లేకుండా అయిపోతుంది."

"యా కథ తప్పప్పా? ఆయన్ని కాల్చింది తప్పా, కాల్చినారని నేను చెప్పింది తప్పా?"

"మాటకు మాట వద్దమ్మా."

"సరే, ఒకటి చెప్పు జాబెజప్పా. మోకోళ్ళకు పాత్ర ఎందుకు ఇవ్వరు?"

"ఎన్నిసార్లు చెప్పల్ల? ఆరోగ్యం."

"గడ్డాలకు అంటుకుంటాదని గదా."

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా తిట్టేనని మాత్రం తెలిసింది. అక్కడే తీర్పు చెప్పేశాడు. సండే స్కూలు ఆమె చేతి నుంచి తీసేశారు. తప్పు ఒప్పుకునే వరకూ ఆమెకు బల్ల లేదు, గుడిలో నోరు విప్పకూడదు. ఎవరూ చేయి ఎత్తలేదు, ఎవరూ కాదనలేదు. అయ్యగారు నేల చూపులు చూశారు. ఇంటికొచ్చాక అక్క చార్టులన్నీ చుట్టి, రబ్బరుబ్యాండ్లు వేసి, అటక మీద పెట్టమని నా చేతికిచ్చింది. ఏడవలేదు కానీ ఆ పూట అన్నం తినలేదు. నాకు ఆ మనుషులను ఒక్కొక్కణ్ణీ కాలరు పట్టుకుని ఈడ్చాలనిపించింది.

మర్నాడు మోక వెళ్ళాలంది. నేనే స్కూటరు మీద తీసుకెళ్ళాను. హంపమ్మ ఇంటి ముందు మిరపకాయలు తొడిమలు తీస్తూ కూర్చుంది. మమ్మల్ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"తప్పయింది హంపమ్మా," అంది అక్క. కమిటీ అంతా కలిసి పిండినా రాని మాట, ఈ వాకిట్లో అడక్కుండానే వచ్చింది. "ఆలస్యంగా వచ్చినారని తెలిసి కూడా, అది నాటకమని మీకు చెప్పలేదు. పదిమందిలో నిన్ను నవ్వులపాలు చేసినా."

హంపమ్మ చేతిలో కాయ పని ముగించి గానీ మాట్లాడలేదు. "నవ్వితే నవ్విరి. నాకది కాదు టీచరమ్మా. కరోనా కాడి నుంచి పాత్ర నోటికి తగల్లేదు. ఆ పొద్దు ఇచ్చినారని, మా పిల్లోడు వెంకటరామి తాగుడు మానల్లని మొక్కుకుంటా తాగితి. కళ్ళ నీళ్ళు పెట్టుకొని తాగితి. బస్సులో ఎక్కినంక చెప్పినారు, రస్నా అని. ఏంది నీ ఆట? నాతోనేనా ఆడుకునేది?"

అక్క వంగి కుప్పలోంచి ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచింది.

"నీ క్షమాపణ నాకెందుకు? నిజమైన పాత్ర ఇప్పించు. లేకపోతే ఇంక రావద్దు ఈడికి."

తిరుగుదారిలో అక్క స్కూటరు వెనక కూర్చుని ఒక్క మాటే అంది. "కమిటీ కన్నా ఆమే గట్టిగా అడిగింది కృపా. అడగాల్సింది కూడా అదే."

ఆ సాయంత్రమే ఇద్దరం అయ్యగారి ఇంటికి వెళ్ళాం. నిజమైన పాత్ర మోక వరుసకు ఇవ్వమని అక్క అడిగింది. తన బల్ల సంగతి ఎత్తలేదు. అయ్యగారు చేతులు నలుపుకున్నారు, నీళ్ళు తాగారు, కిటికీలోంచి చూశారు. చివరికి ఒక ఉపాయం చెప్పారు. ఆదివారం పాత్ర నిండా పోస్తాను, ముందు బెంచీలవాళ్ళు తాగి బయటికి వెళ్ళిపోయాక మోకవాళ్ళకు ఇస్తాను, జాబెజ్ గారికి తెలియకుండా సర్దుకుపోదాం అన్నారు. అక్క సరేననలేదు, కాదనలేదు. వాళ్ళకు మీరే చెప్పండి అయ్యగారూ అని లేచి వచ్చేసింది.

బల్ల ఆదివారం వచ్చింది. పాత్ర సేఠు దగ్గర చింతపండు పెట్టి తోమించుకుని కొత్తగా మెరుస్తోంది. అక్క తిన్నగా వెళ్ళి చివరి బెంచీలో హంపమ్మ పక్కన కూర్చుంది. హంపమ్మ కొంచెం జరిగింది. చోటివ్వడానికో, దూరం పెట్టడానికో నాకు కనిపించలేదు. జాబెజ్ గారు ప్రకటనల్లో అక్క పేరు చదివి, ఆమె బల్లకు రాకూడదని చెప్పాడు. ఆయన గొంతు ఆ రోజు ఎంత మధురంగా ఉందో చెప్పలేను.

రసం తయారుచేసే వంతు ఆ నెల జాబెజ్ గారి భార్యది. ఆమె పాకం పట్టినట్టు చక్కెర వేస్తుంది. అయ్యగారు అన్న మాట ప్రకారం పాత్ర అంచు దాకా పోసి ప్రార్థన చేశారు. ముందు బెంచీలవాళ్ళు వచ్చారు, తాగారు, నోరు తుడుచుకున్నారు. కొందరు మెరుగు చూసి మురిసిపోయారు కూడా. నేను ఆ రోజు కీబోర్డు దగ్గర నుంచి బల్లకు లేవలేదు. ముందువాళ్ళంతా చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. జాబెజ్ గారు మాత్రం అనుమానం వచ్చినవాడిలా తలుపు దగ్గర ఆగాడు.

అయ్యగారు ముంచకుండా, పాత్ర రెండు చేతులా పట్టుకుని, మోక వరుస వైపు చూసి రమ్మన్నారు. పాపం, ఆయన మటుకు ఆయనకు అది పెద్ద సాహసమే. పాత్రలో సగానికి పైగా ఉంది.

ఎవరూ లేవలేదు.

"రండమ్మా, హంపమ్మా. పాత్ర ఇస్తున్నాను."

హంపమ్మ కూర్చున్నచోటి నుంచే అంది. "అందరూ తాగినంక మిగిలింది గదయ్యా అది. దాసుకొని ఇస్తాండారు. మిగిలింది మాకొద్దు. ఇచ్చేదుంటే వచ్చే నెల వాళ్ళతో పాటు కూర్చోబెట్టి ఇయ్యండి."

కెంచప్ప తలూపాడు. మిగతావాళ్ళు కదల్లేదు.

ప్రార్థన చేసిన రసం పారబోయకూడదు, సీసాలోకి తిరిగి పోయకూడదు. బల్ల ముగిసేలోగా ఎవరో ఒకరు తాగి తీరాలి. ఎవరూ తాగకపోతే అయ్యగారే తాగాలి. ఆయనకు చక్కెర జబ్బు, పొద్దునా సాయంత్రం సూది వేసుకుంటారు. జాబెజ్ గారి వైపు చూశారు. ఆయన గోడ గడియారం చూస్తున్నాడు. చివరికి అయ్యగారి చూపు అక్క మీద ఆగింది.

"జయశీలమ్మా, మీరైనా చెప్పండి. మీ మాట వింటారు వాళ్ళు."

అక్క లేచి నిలబడింది. ఆమె గొంతు తగ్గించడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"నేను గుడిలో నోరు విప్పగూడదు గదా అయ్యగారూ," అని కూర్చుంది.

అయ్యగారు బల్ల వైపు తిరిగి పాత్ర ఎత్తారు. ఒక గుక్క తాగి ఆగారు. ఊపిరి పీల్చుకుని ఇంకో గుక్క తాగారు. చొక్కా మీద రెండు చుక్కలు పడ్డాయి. నేను వాయించాల్సిన పాట ఉంది, వాయించలేదు. మోక వరుస మొత్తం తలలు దించకుండా, పెదవులు బిగించి, ఆయన తాగుతున్నంతసేపూ చూస్తూ కూర్చుంది. అక్క కూడా వాళ్ళలో కూర్చుని చూసింది. ఆయన పాత్ర దించి తెల్లగుడ్డ కప్పబోయారు.

"అడుగున ఇంకా ఉండాదేమో చూడయ్యా," అంది హంపమ్మ.